ఎగ్ దీవి: చందా సొమ్ముకు వేసిన కట్టుబాటు

స్కాట్లండ్ పడమటి తీరానికి ఎదురుగా సముద్రంలో ఎగ్ అనే చిన్న దీవి ఉంది. విస్తీర్ణం సుమారు 7,400 ఎకరాలు. నల్లరాతి కొండ, పచ్చిక బీళ్లు, కాస్త అడవి, బోలెడన్ని సముద్రపక్షులు. 1997 జూన్ 12న ఆ దీవి అక్కడి జనం చేతికొచ్చింది. చందాలెత్తి కొన్నారు. వెల 15 లక్షల పౌండ్లు. అప్పటికి దీవిలో ఉన్నది 60 పైచిలుకు మంది. అంత సొమ్ము ఎలా పోగైందా అని అందరూ ఆశ్చర్యపోతారు. ఆ సొమ్ముకు వాళ్లు వేసిన కట్టుబాటు అంతకంటే గొప్పదని నేనంటాను.

అంతకుముందు దీవి అంతా ఒక్క దొర సొత్తు. తరతరాలుగా ఉంటున్న కుటుంబాలూ కౌలుదార్లే, అదీ చాలామందికి గట్టి కాగితం లేని కౌలు. ఇంటి కప్పు బాగుచేయించాలంటే, రేపు ఇక్కడ ఉండనిస్తారా అన్న భయం. 1975లో ఒకరు కొన్నారు, 1995లో ఇంకొకరు. 1996లో మళ్లీ అమ్మకానికి పెట్టారు. దీవి జనం దేశమంతటికీ చేయి చాచారు. వేలమంది తోచినంత పంపారు. పెద్ద వాటా మాత్రం పేరు చెప్పడానికి ఇష్టపడని ఒకే ఒక్క దాతది.

ఇక కాగితాల దగ్గరికి వద్దాం. భూమిని ఒక ట్రస్టు పేర పెట్టారు. దానికి వాటాలు లేవు. అమ్ముకోవడానికి ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. తొలి బోర్డులో దీవి వాసులు నలుగురు, ఆ ప్రాంతపు స్థానిక ప్రభుత్వమైన హైలాండ్ కౌన్సిల్ వారు ఇద్దరు, వన్యప్రాణులను కాపాడే స్కాటిష్ వైల్డ్‌లైఫ్ ట్రస్టు వారు ఇద్దరు. పైన ఎవరి పక్షమూ కాని ఒక అధ్యక్షుడు. లెక్క చూడండి. ఊరివాళ్లు నలుగురే కూడబలుక్కుని అడవి కొట్టేయలేరు. బయటివాళ్లు నలుగురే చేతులెత్తి ఊరివాళ్లను వెళ్లగొట్టలేరు. ఎంత పెద్ద దాతకైనా దాతగా కుర్చీ లేదు. మేకు కొట్టకుండా వడ్రంగి బిగించిన అతుకులా ఉంది ఈ లెక్క. పక్షులనూ మనుషులనూ ఒకే పత్రం కాపాడుతోంది.

ఆ పనితనం కరెంటులోనూ కనిపిస్తుంది. బయటి గ్రిడ్డుతో తీగ కలపని ఈ దీవి, 2008లో నీరు, గాలి, ఎండ కలిపి సొంత విద్యుత్తు మొదలుపెట్టింది. ఇంటికి 5 కిలోవాట్లు, అంతే. గీజరు, కెటిల్, ఇస్త్రీపెట్టె ఒకేసారి వేస్తే సరఫరా ఆగిపోతుంది. మళ్లీ ఇవ్వడానికి మనిషి రావాలి. డబ్బున్నవాడైనా ఆ గీత దాటలేడు. వాగులు నిండి, గాలి హోరెత్తి కరెంటు మిగిలినప్పుడు, ఆ మిగులుతో ఊరి హాలును వెచ్చబరుస్తారు.

కౌళ్లకు భద్రత వచ్చాక ఇళ్లు బాగుపడ్డాయి, రేవు దగ్గర దుకాణం, టీ హోటలు వెలిశాయి. దీవి జనాభా కూడా పెరిగింది.

మీ ఊళ్లో చెరువు కోసమో, గుట్ట కోసమో చందా పుస్తకం అచ్చువేయించే ముందు, రేపు దాని మీద నిర్ణయం ఎవరెవరిదో కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని చందా ఇచ్చేవాళ్లకు కూడా చూపించండి.