తాబేటిచిప్ప చలికాలపు పనితనం

అరకు చలిని నమ్మలేం. డిసెంబరు రాత్రి ఎముకలు కొరికేస్తుంది, పది దాటేసరికి వలిసెపూల చేల మీద ఎండ చురుక్కుమంటుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున్న ఈ లోయలో పెరటి కుంటలో తాబేలును పెంచేవారికి అసలు పరీక్ష ఈ ఊగిసలాటే.

తాబేలు ఒంటికి సొంత వేడి లేదు. నీళ్లెంత చల్లబడితే అదీ అంతే చల్లబడుతుంది. ఉత్తర అమెరికాలోని పెయింటెడ్ తాబేలైతే గడ్డకట్టిన చెరువు అడుగున నెలల తరబడి పడి ఉంటుంది. అక్కడ ప్రాణవాయువు అయిపోతే ఒంట్లో దాచుకున్న చక్కెరతోనే బతుకు వెళ్లదీస్తుంది. అలా బతికితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకోవాలి, ప్రాణం పోవాలి. పోదు! చిప్పలోని సున్నపు లవణాలు కరిగి రక్తంలోకి వచ్చి ఆ ఆమ్లాన్ని విరిచేస్తాయి. కొంత ఆమ్లాన్ని చిప్పే తనలోకి పీల్చుకుంటుంది. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ జాక్సన్ ఏళ్లపాటు పరిశోధించి తేల్చిన సంగతి ఇది. మనం కోటగోడ అనుకున్నది మందుల కొట్టు కూడానన్నమాట. పక్కటెముకలూ వెన్నెముకా కలిసిపోయి అల్లుకున్న ఆ డిప్పలో ఇంత రసాయన నేర్పు ఉందంటే ముచ్చటేస్తుంది.

అరకులో అంత చలి నిలవదు కాబట్టి తాబేలుకు నిండు నిద్ర పట్టదు. చిక్కంతా అక్కడే. పెరటి కుంటల్లో పెంచే, కంటి వెనక ఎర్రచార ఉండే అమెరికా తాబేలు మధ్యాహ్నం ఎండకు ఆవురావురుమంటుంది. తిన్నది అరగకముందే రాత్రి నీళ్లు చల్లబడి పొట్టలో కుళ్లుతుంది. అందుకే నీళ్లు 15 డిగ్రీల కంటే దిగే రోజుల్లో, అడిగినా తిండి పెట్టకూడదు. కుంటకు ఒక పక్క మీటరు లోతు ఉంటే అడుగు నీళ్లు రాత్రికి రాత్రే చల్లబడవు. రెండో పక్క వాలుగా తీసి, ఎండ కాచుకోవడానికి ఓ దుంగ వేస్తే చాలు. రాలిన ఆకులు కుళ్లితే నీళ్లలోని ప్రాణవాయువును తినేస్తాయి, ఎప్పటికప్పుడు తీసేయాలి. వేడినీళ్లు పోసే దయ మాత్రం వద్దు. తాబేలు పిల్లల్నీ చిక్కిపోయినవాటినీ ఇంట్లోకి తెచ్చుకోవడమే మంచిది.

అన్ని తాబేళ్లూ కుంటకు పనికిరావు. శ్రీకూర్మం గుడిలో కనిపించే నక్షత్ర తాబేళ్లు నేల మీదివి, నీళ్లలో వేస్తే మునిగిపోతాయి. అసలు మన దేశపు తాబేళ్లను ఇంట్లో పెంచడాన్ని 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. అమెరికావాటిని విసుగొచ్చి గెడ్డలో వదిలితే మనవాటి తిండినీ తావునీ లాక్కుంటాయి.

చలి తగ్గి నీళ్లు నిలకడగా వెచ్చబడ్డాకే తిండి మొదలుపెట్టాలి, అదీ కొంచెం కొంచెంగా.