ఒకే పెట్టె, రెండు శ్మశానాలు

హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను అనగానే మన చెవిలో ముందుగా మోగేది హార్మోనియమే. హరిశ్చంద్రుడు ఇంకా నోరు విప్పకముందే హార్మోనిస్టు శ్రుతి అందిస్తాడు. ఆ శ్రుతితోనే పందిరి కింది బల్లల వేదిక కాశీ శ్మశానమైపోతుంది. అదే జాతి వాద్యాన్ని ముందు పెట్టుకుని, 1968 నుంచి కన్నుమూసేదాకా ఇరవై ఏళ్లపాటు, ఒక జర్మన్ స్త్రీ చావు గురించీ చలి గురించీ ఒంటరితనం గురించీ స్వయంగా రాసుకుని పాడింది. ఆమె పేరు నీకో. తర్వాతి కాలపు గోథిక్ సంగీతానికి ఆమెను తల్లివేరుగా చెప్పుకుంటారు. ఆమెను తప్పుపట్టే వాళ్లూ తక్కువేం కాదు, అందుకు కారణాలూ ఉన్నాయి. మన కాటిసీనుకు ఆమె తెలియదు, ఆమెకు కాటిసీను తెలియదు. అయినా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి వినడం వల్ల రెండూ మరింత స్పష్టంగా వినబడతాయని నా నమ్మకం.

హార్మోనియం పుట్టిల్లు పారిస్. 1840ల్లో అలెగ్జాండర్ డెబాన్ అక్కడ దానికి పేటెంటు తీసుకున్నాడు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ వంటివారి చేతుల్లో అది మన వాద్యంగా మారింది. పార్శీ, ధార్వాడ నాటక సమాజాల ఒరవడిలో తెలుగు రంగస్థలానికి చేరింది. గమకం పలకదన్న నింద మోస్తూ 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి గడప తొక్కలేకపోయింది. పద్యనాటకం మాత్రం దాన్ని ఒక్కరోజు కూడా విడిచిపెట్టలేదు.

నీకో చేతికి ఈ వాద్యం చేరేసరికి ఆమెకు ముప్ఫై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. అసలు పేరు క్రిస్టా పెఫ్‌గెన్. 1938లో కొలోన్‌లో పుట్టింది. తండ్రిని యుద్ధం మింగేసింది. బాల్యం బాంబులకు కూలిన బెర్లిన్ శిథిలాల మధ్య గడిచింది. ఎదిగాక మోడల్ అయింది, 1960లో ఫెలీనీ తీసిన 'లా డోల్చే వీటా'లో కనిపించింది. చిత్రకారుడు ఆండీ వార్హోల్ చొరవతో న్యూయార్క్‌లో వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందంతో పాడింది. 1967లో వచ్చిన ఆ రికార్డు ఆమెకు పేరు తెచ్చింది కానీ, అందులోని పాటలు ఇతరులు రాసినవి. హార్మోనియం దొరికాకే ఆమె తన పాట తాను కట్టుకుంది. 1968లో 'ది మార్బుల్ ఇండెక్స్', 1970లో 'డెజర్ట్‌షోర్' వచ్చాయి. 1970ల చివర ఆ వాద్యం దొంగలపాలైతే, కవయిత్రీ గాయనీ అయిన పాటీ స్మిత్ పారిస్‌లో మరొకటి కొనిపెట్టింది.

రెండు గానాలకూ పోలిక ఎక్కడుంది? పద్యానికి తాళం ఉండదు. ఛందస్సు నడక ఉంటుంది, రాగం ఉంటుంది, నటుడి ఊపిరి ఎంత నిలిస్తే అంత కాలం ఉంటుంది. అలాగే 'మార్బుల్ ఇండెక్స్'లో కూడా దాదాపు డ్రమ్స్ వినబడవు. బెలోస్ ఊపిరి పోసినంతసేపు స్వరం నిలుస్తుంది, ఆ స్వరం మీద గొంతు నడుస్తుంది. వాద్యం శ్రుతి వేరే వాద్యాలతో పొసగక, వెల్వెట్ అండర్‌గ్రౌండ్‌లో ఆమె సహచరుడైన జాన్ కేల్ వయోలా వంటివాటిని విడిగా రికార్డు చేసి ఎంతో కష్టపడి అమర్చాల్సి వచ్చింది. తాళం తీసేస్తే కాలం ఆగినట్టవుతుంది. చితి ముందు నిలబడ్డ మనిషికి కాలం అలాగే ఉంటుంది కాబట్టి, ఇద్దరూ తాళాన్ని పక్కన పెట్టడం న్యాయమే.

అయితే గొంతు దగ్గరికి వచ్చేసరికి దారులు చీలిపోతాయి. పెట్టె పలకలేని గమకాన్ని మన నటుడు గొంతుతో పూరిస్తాడు. హరిశ్చంద్ర పాత్రధారి డి.వి. సుబ్బారావు పద్యం చివర రాగాన్ని ఎత్తుకుని, మెట్టు మీద మెట్టు ఎక్కి, పైస్థాయిలో నిలబడి, మెల్లగా దిగి వస్తుంటే హార్మోనిస్టు అర అడుగు వెనకగా అతణ్ని అనుసరిస్తాడు. అతను ఊపిరి తీసుకునే చోట ఖాళీ కనబడనివ్వడు. నీకో గొంతు ఇందుకు పూర్తి విరుద్ధం. లోతైన మంద్ర స్వరం, వణుకు లేదు, అలంకారం లేదు. ప్రతి మాటనూ రాయి పెట్టినట్టు పెడుతుంది. పెట్టె లోపాన్ని మన నటుడు కప్పితే, ఆమె దాన్నే తన శైలిగా చేసుకుంది. పైగా ఆమె పక్కన హార్మోనిస్టు లేడు. కేల్ అమర్చిన వాద్యాలు ఎన్ని చేరినా, శ్రుతి ఇచ్చేదీ పాడేదీ ఆమె ఒక్కతే.

ఆ తేడా వాద్యంతో ఆగదు. కాటిసీనులో దుఃఖం ఉమ్మడి సొత్తు. పాము కరిచిన లోహితాస్యుణ్ని మోసుకుని చంద్రమతి వస్తుంది. భర్త కాటిసుంకం అడుగుతాడు. కథ పిల్లలకు కూడా తెలుసు, అయినా తెల్లవారుజామున జనం కన్నీళ్లు పెట్టుకుంటారు. ఏడుస్తూనే వన్స్‌మోర్ కొడతారు, నటుడు అదే పద్యం మళ్లీ పాడతాడు. దుఃఖాన్ని మళ్లీ అడిగి తెచ్చుకునే హక్కు మన ప్రేక్షకుడిది. నీకో దగ్గర ఆ హక్కు ఎవరికీ లేదు. 'మార్బుల్ ఇండెక్స్'లో కొడుకు ఆరీ కోసం ఆమె పాడిన లాలిపాట ఉంది. నిద్రపుచ్చే పాటే, కానీ వీడ్కోలులా వినబడుతుంది. ఆ పిల్లవాడు పెరిగింది నటుడు అలైన్ డెలాన్ తల్లి దగ్గర. తండ్రి డెలానే అని నీకో చెప్పినా, డెలాన్ మాత్రం ఆ పిల్లవాణ్ని కొడుకుగా ఒప్పుకోలేదు. చంద్రమతి చేతుల్లో బిడ్డ ఉన్నాడు, ప్రాణం లేదు. నీకో బిడ్డకు ప్రాణం ఉంది, అతను తల్లి చేతుల్లో లేడు. నాటకం చివర దేవతలు దిగివచ్చి లోహితాస్యుణ్ని బతికిస్తారు. నీకో పాటకు అలాంటి ముగింపు లేదు. అందుకే మనకు ఓదార్పు మిగులుతుంది, ఆమె శ్రోతకు ఓదార్పు లేని నిజం మిగులుతుంది. రెండూ మనిషికి అవసరమే.

వివాదాన్ని దాటవేస్తే ఈ పోలిక అసంపూర్ణం. 1974లో వచ్చిన 'ది ఎండ్' రికార్డులో నీకో జర్మన్ జాతీయగీతాన్ని, నాజీల కాలంతో మైలపడిన మొదటి చరణంతో సహా, ఆ హార్మోనియం మీదే పాడింది. అదే ఏడు బెర్లిన్ నేషనల్ గ్యాలరీ కచేరీలో అది పాడినప్పుడు సభ భగ్గుమంది. శిథిలాల్లో పెరిగిన పిల్ల తన దేశానికి పాడిన చావుపాటగా దాన్ని వినవచ్చు, నేను అలాగే వింటాను. కానీ నల్లజాతి వారి గురించి ఆమె ద్వేషంతో మాట్లాడిందనీ, నల్లజాతి మూలాలున్న ఒక స్త్రీపై దాడి చేసిందనీ సన్నిహితులే చెప్పారు. దానికి ఏ వ్యాఖ్యానమూ సమర్థన కాదు. హెరాయిన్ మత్తునో చిన్ననాటి గాయాలనో సాకుగా చూపడం ఆ బాధితురాలికి అన్యాయం.

ఇక్కడ మన శ్మశానమే ఆమెకు కొలమానం అవుతుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోని కాటిసీనులో నటులు గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలు చేర్చి పాడతారు. రాజూ పేదా, అంటరానితనం అనుభవించినవాడూ అనుభవింపజేసినవాడూ ఒకే మట్టిలో కలుస్తారన్న ఎరుకను, ఆ వివక్షను ఒంటితో భరించిన కవి రాశాడు. ఊరంతా దాన్ని కంఠస్థం చేసింది. నీకో పాటల్లో చావుంది కానీ చావు చెప్పే ఈ సమత్వం లేదు. అలాగని మనం గర్వపడటానికీ వీల్లేదు. జాషువా పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన ఊళ్లలోనే శ్మశానాలు కులానికొకటిగా విడివిడిగా ఉన్నాయి. ఆమె పాటలో లేనిది మన పాటలో ఉంది, మన నడతలో మాత్రం అంతగా లేదు.

నీకోకు 1980ల్లో మాంచెస్టర్ ఆశ్రయమైంది. ఆమెను చూసి నేర్చుకున్న బౌహౌస్ బృందం ఆమెతో కలిసి వేదికెక్కింది. అంతకుముందు 1978లో సూక్సీ అండ్ ద బాన్షీస్ బృందం కచేరీల్లో మొదట పాడటానికి వస్తే కుర్రకారు ఆమెను వేదిక మీద నిలవనివ్వలేదు. 1988 జులై 18న ఇబిజా దీవిలో సైకిల్ మీంచి పడి, మెదడులో రక్తస్రావమై చనిపోయింది. బెర్లిన్ గ్రూనెవాల్డ్ అడవిలో తల్లి సమాధిలోనే ఆమె అస్థికలు ఉంచారు. హావెల్ నదిలో కొట్టుకొచ్చిన ఆత్మహత్యల శవాలకు చర్చిలు చోటివ్వనప్పుడు వెలసిన శ్మశానం అది. వెలివేతకు గురైనవారి పక్కన ఆమె ఉంది. జాషువా పద్యం ఎరిగినవాళ్లకు ఆ చోటు అర్థం వివరించక్కర్లేదు.

కాటిసీను విని పెరిగిన చెవికి నీకో కొత్త కాదు. దుఃఖాన్ని పదిమందితో పంచుకోవడం మన నాటకం నేర్పింది. పంచుకోలేని దుఃఖం ఎలా ఉంటుందో ఆమె వినిపించింది. ఒకదాన్ని ఎక్కువ చేసి మరొకదాన్ని తక్కువ చేయడం నాకు చేతకాదు. వన్స్‌మోర్ కొట్టే జనంలో కూడా ఎవరితోనూ చెప్పుకోలేని శోకం ఉన్నవాళ్లు ఉంటారు. పద్యనాటకం వాళ్లను జనంలో కలుపుకుంటుంది, నీకో వాళ్లను ఉన్నచోటనే గుర్తిస్తుంది. ఆమె మనిషిగా చేసిన తప్పును తప్పనే చెబుతూ ఆ పాటలు వినాలి. మన పద్యాన్ని కూడా అంత నిక్కచ్చిగా, అది అడిగిన సమత్వాన్ని మనం ఎంతవరకు పాటించామో లెక్క చూసుకుంటూ వినాలి.