చిట్టెలుక భయమునకు ఒక్క జన్యువే కారణమా?

ఒక జన్యువును తొలగించిన చిట్టెలుక భయపడకున్నచో, ఆ జన్యువే భయమునకు మూలమని తరగతిలో సులభముగా చెప్పివేయుచున్నాము. ఉప్పాడ జాందానీలో ఒకే బుటా, చీర నేల రంగు మారినచో వేరుగా కనిపించును. జన్యువు సంగతియు అంతే. తక్కిన వేలకొలది జన్యువులే దానికి నేల.

ఈ విషయమున క్రాబ్, వాల్‌స్టెన్, డ్యూడెక్ 1999లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన వ్యాసము ఉపాధ్యాయులు తెలిసికొనదగినది. వారు 8 వంశముల చిట్టెలుకలను పోర్ట్‌లాండ్, ఆల్బనీ, ఎడ్మంటన్ నగరములలో ఒకే తరహా పరికరములతో, ఒకే కాలమున పరీక్షించిరి. అందొక పరీక్షలో ఎలుకను నేలకు ఎత్తుగా నిలిపిన నాలుగు బాటల కూడలిపై విడుతురు. రెండు బాటలకు గోడలుండును, రెండింటికి ఉండవు. భయపడు ఎలుక గోడల చాటుననే నిలుచును. వంశమునుబట్టి నడవడి మారినది. కాని ప్రయోగశాలనుబట్టియు మారినది. ఎడ్మంటన్ ఎలుకలు గోడలులేని బాటలలో ఎక్కువసేపు గడపినవి.

ఈ భేదమును దాచక చూపుటయే వ్యాసమునకు బలము. అయినను లోపములు లేకపోలేదు. పరిస్థితులను సమము చేసిన పిమ్మటను మిగిలిన భేదమునకు కారణమేదో అది తేల్చలేదు. బయటికి వచ్చిన ఎలుక భయములేనిదో, కేవలము చురుకైనదో ఈ ఒక్క పరీక్షవలన తెలియదు.

కనీసము 20 తరములు తోబుట్టువులనే జతకూర్చి పెంచినది శుద్ధవంశము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రయోగజంతు కేంద్రము ఇట్టి ఎలుకలను పరిశోధకులకు చిరకాలము అందించినది. ఆందోళనకు మందులు వెదకు పరిశోధనలు ఇట్టి పరీక్షలపై ఆధారపడును. కావున ‘భయపు జన్యువు’ అను మాట విన్నప్పుడు, అది ఏ వంశమున, ఏ ప్రయోగశాలలో కనబడినదో విద్యార్థిచే అడిగింపవలెను.