తిన్నని దొప్ప, ఎఱుకత బుట్ట

ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యమునందలి తిన్నని కథను మన విమర్శకులు భక్తిదృష్టితోనే పరిశీలించుచు వచ్చిరి. అది దోషము కాదు, కావ్యప్రయోజన మదియే. కాని నేత్రార్పణఘట్టమును చేరు తొందరలో వారు దాటిపోయిన భాగ మొకటి కలదు. అది తిన్నడు శివునకు భోజనము సిద్ధపఱచుట.

ప్రబంధములలో వేట సామాన్యముగా రాజవినోదము. మనుచరిత్రమున స్వరోచి వేటలో మృగములు కూలును. ఆ మాంసము ఎవరి పొయ్యికి చేరినదో కవికి పట్టలేదు. తిన్నని వేట అట్టిది కాదు. అతడు వేటాడి, కాల్చి, రుచి చూచి, మంచి ముక్కలనే దొప్పలో పెట్టును. నీటిని పుక్కిట పట్టి తెచ్చును. అర్చకునకు ఇది అపచారము. బోయపల్లెవానికి ఇది ఇంటికి వచ్చిన చుట్టమునకు చేయు మర్యాద. కొండపై ఒంటరిగా నుండనేల, మా ఉడుమూరికి రమ్మని శివుని పిలుచుటలో కేవల ముగ్ధత్వమును చూచుట పొరపాటు. అడవియే తన ధాన్యపుకొట్టు అని నమ్మినవాని ధీమా అది. ఉడుమూరు రాజంపేట చెంతనున్న ఊటుకూరే యని ప్రతీతి. తమిళమున సేక్కిళారు రచించిన పెరియపురాణము సైతము తిన్నని పొత్తపినాటివానిగనే చెప్పుచున్నది. కావున ఇది కడపసీమ అడవి కథయే.

అయినను ధూర్జటి చిత్రమున నాకొక వెలితి తోచుచున్నది. ఆ అడవిలో కఱవు లేదు. ఉడుమూరినుండి సంతకు పోవువాడును లేడు. నల్లమల చెంచుల జీవన మట్టిది కాదు. వారు తేనె, మైనము, జిగురు, కుంకుడుకాయలు దిగువ ఊళ్లకు తెచ్చి, మాఱుగా గింజలు, ఉప్పు, గుడ్డ కొనిపోవుదురు. చెంచులపై హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రకటించిన గ్రంథము చదివినవారికి ఈ సంగతి క్రొత్త కాదు.

ఈ రెండవ పార్శ్వమునకై కావ్యమును వీడి యక్షగానమును ఆశ్రయింపవలెను. అచట ఎఱుకత చంకను బుట్టతో రంగమును ప్రవేశించును. పద్మావతీపరిణయ కథలో శ్రీనివాసుడే ఆ వేషము దాల్చెను. మనము ఆమె సోదెను విందుము, బుట్టను చూడము. ఆ బుట్టయో, వంకలలోని ఈతనుండియు కొండవెదురునుండియు వచ్చినది. ఆమె కూటికి సోదె యెంత ఆధారమో బుట్టయు అంతే.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో అడవి చాలవఱకు పేర్లయందే మిగిలినది. జమ్ము పెరిగిన మడుగు జమ్మలమడుగనియు, పులుల మంద పులివెందుల యనియు జనులు చెప్పుదురు. 1882 నాటి మద్రాసు అటవీచట్టముతో రక్షితారణ్యమున అనుమతి లేక అడుగిడి కోసికొనుట నేరమైనది. అటుపై ఎఱుకలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచిన చట్టము 1952 వఱకు అమలులో నుండెను. అడవిలో చిల్లరసరుకు సేకరించుకొనుటను హక్కుగా 2006 నాటి చట్టము అంగీకరించినది. ఇన్ని చట్టముల నడుమను రంగస్థలముపై ఎఱుకత నవ్వుచు చేయి చూచుచునే యుండెను! మన సాహిత్యచరిత్రలు ఆమెను హాస్యపాత్రలలో చేర్చి ముగించినవి.

పరిశోధకవిద్యార్థులు సోదెపాఠములను శ్రద్ధతోనే సేకరించుచున్నారు. ఆ వృద్ధస్త్రీలనే మరి రెండు ప్రశ్నలు అడుగవచ్చును: ఈత యే వంకలో కోసిరి? బుట్టకు ఎన్ని మానికల గింజలు పుచ్చుకొనిరి?