ఫొటో కింద ఎవరి పేరు?

మన మీద వచ్చిన ఫొటోల పుస్తకాలు కొత్తవేం కావు. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ఈ దేశంలో ఎవరెవరున్నారో తెలుసుకోవాలనుకుంది. 1868 నుంచి 1875 దాకా ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరుతో ఎనిమిది సంపుటాలు తెచ్చింది. అందులో ఫొటోలను విడిగా తయారుచేసి పేజీలకు అంటించారు. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించాడు. మన యానాదులు ఏడో సంపుటిలో ఉన్నారు.

థర్‌స్టన్ పుస్తకాన్ని ఒక్క మాటతో తీసిపారేయలేం. మన తిండి, పెళ్ళి, కర్రతో నిప్పు పుట్టించే పద్ధతి అందులో నమోదయ్యాయి. అయితే తలలు, ముక్కులు కొలిచిన ఆయన చాలా ఫొటోల కింద మనిషి పేరు వేయలేదు, కులం పేరు వేశాడు. పేరు రాసుకోవడం ఆనాటి దొరలకు తెలియక కాదు. నేరస్థ తెగల చట్టం అమల్లో ఉన్నన్నాళ్ళూ మన ఎరుకల సోదరుల పేర్లు పోలీసు రిజిస్టర్లలో ఉండనే ఉన్నాయి. రిజిస్టరులో ఉన్న పేరు పుస్తకంలో ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న నన్ను నేను వేసుకోవాల్సి వచ్చింది. స్వర్ణముఖి ఒడ్డునున్న మా ఎస్టీ కాలనీ మీద పిల్లలు, మేము కలిసి ఒక ఫొటోల పుస్తకం వేశాం. దాన్ని కూడా థర్‌స్టన్ పుస్తకాన్ని చూసినట్టే చూడాలి.

మొదటి తప్పు ఫొటోలు పోగుచేయడంలోనే జరిగింది. పిల్లలు తీసినవన్నీ వాట్సాప్‌లో తెప్పించుకున్నాం. ఫోన్లో బాగానే కనిపించాయి. పేజీ సైజుకు పెంచితే కళ్ళు, చేతులు అలుక్కుపోయాయి. వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలంటారు. అసలు ఫైలునే కేబులుతోనో పెన్‌డ్రైవ్‌తోనో తీసుకోవాలి.

రెండోది ఇంకా బాధపెట్టింది. డీటీపీ చేసిన కుర్రాడు మా వాళ్ళ మొహాలన్నీ తెల్లబరిచాడు. ‘బాగుంటుందని చేశాను సార్’ అన్నాడు. వద్దని పాత రంగు పెట్టిస్తే, గరుకు కాగితం సిరాను పీల్చుకుని మొహాలు నల్లటి మరకలయ్యాయి. తెరకు వెలుతురుంటుంది, కాగితానికి ఉండదు. ఏ కాగితం మీద అచ్చువేస్తామో అదే కాగితం మీద ముందు ఒక ప్రూఫ్ తీయించాలి. నీడలో ఉన్న చోట్లనే కాస్త పైకి లేపాలి. మన ఒంటి రంగును మార్చకూడదు. మన రంగు మనదిగా కనబడాలంటే ప్రెస్సులో పక్కన నిలబడి అడగాల్సిందే.

మూడో తప్పు పూర్తిగా మాదే. అచ్చు పదహారు పేజీల ఫారాలుగా సాగుతుంది. మా పుస్తకం డెబ్బై పేజీలకు వచ్చింది. అరవై నాలుగైనా చేయండి, ఎనభైయైనా చేయండి అన్నారు. డబ్బు చాలక ఆరు పేజీలు తీసేశాం. ఏవి తీశాం? పొగకుండతో ఎలుకలు పట్టే ఫొటోలు, ఆడవాళ్ళు చేపలు పట్టే ఫొటోలు. ‘చూసినోళ్ళు నవ్వుతారు సార్’ అన్నారు కుర్రాళ్ళు. నేనూ సరేనన్నాను. కాలనీకి వచ్చిపోయిన పెద్దమనుషుల ఫొటోలు మాత్రం పేర్లతో, హోదాలతో అలాగే ఉంచాం.

పుస్తకం చేతికొచ్చిన రోజు ఒక అవ్వకు ఆమె ఫొటో చూపించాను. కింద ‘కాలనీ వృద్ధురాలు’ అని ఉంది. మనవరాలి చేత చదివించుకుని, ‘ఏంది నాయనా, వచ్చినోళ్ళ పేర్లన్నీ ఉండాయి. నా పేరు యాడ?’ అనింది. నాకు మాట రాలేదు. తర్వాత ఎలుకల ఫొటో సంగతి చెబితే, ‘ఆ పని చేసే కదరా రైతుల వడ్లు నిలబెట్టింది, మిమ్మల్ని సాకింది’ అనింది.

థర్‌స్టన్ మన పనిని చూపించి పేరు వదిలేశాడు. మేము పేరూ వేయలేదు, పనీ చూపలేదు. ఆయన పుస్తకం దొరల కోసం తయారైంది. మాదీ మా కాలనీ కోసం కాక, నవ్వుతారేమోనని భయపడినవాళ్ళ కోసం తయారైంది. అదే దాని అసలు లోపం. సిరా, కాగితం తప్పులు ఆ తర్వాతివి.

తోటి ఉపాధ్యాయులకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. ఫొటో తీసిన రోజే ఆ మనిషి పేరు, ఊరు, చేస్తున్న పని, తేదీ, తీసినవాళ్ళ పేరు నోటుబుక్కులో రాయండి. అచ్చువేయొచ్చా అని అడగండి. వద్దంటే మానేయండి. రెండు పేజీల మీద పరిచే ఫొటోలో మొహం కుట్టుమడతలో పడకుండా చూడండి. ప్రూఫును ప్రెస్సుకు పంపేముందు కాలనీ రచ్చమీద పెట్టి అందరికీ చూపించండి. ఏ పేజీలు తీసేయాలో వాళ్ళనే చెప్పనివ్వండి.

మా పుస్తకం రెండో అచ్చుకు డబ్బు కూడబెడుతున్నాం. ఈసారి ఆ అవ్వ ఫొటో కింద ఆమె పేరుంటుంది. పొగకుండ పేజీ కూడా ఉంటుంది.