తీగను పాడించిన ఈమని బాణీ

కర్ణాటక సంగీతంలో వీణ కచేరీ చాలావరకు ముగ్గురు కలిసి నడిపే పని. నడుమ వీణ, ఒక పక్క మృదంగం, మరో పక్క ఘటం ఉండే ఈ కూర్పులో రాగభారమంతా ఒక్క వైణికుడే మోయవలసి ఉంటుంది. 1940ల అమెరికాలో జాజ్ సంగీతం నుంచి పుట్టిన బెబాప్ అనే వేగవంతమైన మనోధర్మ శైలిలోనూ ఇటువంటి ముగ్గురి మేళమే కనిపిస్తుంది. 1947లో పియానో విద్వాంసుడు బడ్ పావెల్ బాస్‌పై కర్లీ రస్సెల్, డ్రమ్స్‌పై మాక్స్ రోచ్ తోడుగా చేసిన రికార్డింగులను ఆ శైలి అభిమానులు నేటికీ నెమరువేసుకుంటారు. పావెల్ కన్నా రెండేళ్లు ముందు, 1922లో ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రిని తెలుగువారు అంతగా తలచుకోకపోవడం మాత్రం క్షమించరాని మరపు.

యానాం వంటి గౌతమీ తీరపు ఊళ్లకు ద్రాక్షారామం, కాకినాడ, పిఠాపురం ఎంతో దూరం కావు, గత శతాబ్దపు ఆంధ్ర వీణా సంప్రదాయంలో మేలైన భాగం ఈ పరిసరాల్లోనే పండింది. పిఠాపుర సంస్థాన విద్వాంసుడు తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వాదనకు రవీంద్రనాథ్ టాగూరే ముగ్ధుడై ఆయనను శాంతినికేతనానికి ఆహ్వానించాడని చెబుతారు. ఆ తరంవాడే అయిన వైణికుడు ఈమని అచ్యుతరామశాస్త్రి తన కుమారుడైన శంకరశాస్త్రికి తొలి గురువు.

పనసకర్రతో చేసిన దండిపై మైనంలో పొదిగిన 24 మెట్లు, వాటిపై సాగే నాలుగు వాదన తీగలు, పక్కన శ్రుతికీ తాళానికీ మూడు తీగలు ఉండే ఈ వాద్యంలో మెట్టు మీద వేలు ఉంచి మీటితే స్వరం పలుకుతుంది గాని, సంగీతం పలకదు. మీటిన తీగను మెట్టు మీదే పక్కకు లాగి, అదే మీటులో పై స్వరాలను అందుకుని, తిరిగి మొదటి స్వరానికి దిగడమే వీణ గమకానికి ప్రాణం. మీటు బలం క్షణక్షణానికీ తగ్గిపోతుంది కనుక, నాదం ఆరిపోకముందే గమకాన్ని ముగించే కొలత చేతికి తెలియాలి. శంకరశాస్త్రి గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఇతరులు నాలుగు మీట్లలో చెప్పే సంచారాన్ని ఆయన ఒక్క మీటులో చెప్పి, మిగిలిన నాదాన్ని గాయకుడు ఊపిరి నిలిపినట్లు నిలిపేవాడు. మీటు చప్పుడు వినిపించని ఆ వాదనలో కృతి సాహిత్యం మాట మాటగా వినిపించేది. తంజావూరు పక్షపాతులు తమ బాణీయే వీణకు ప్రమాణమని వాదించవచ్చు, వాదించనివ్వండి! తానం, అంటే తాళానికి కట్టుబడకుండానే లయతో నడిచే రాగవిస్తారం, ఆయన చేతిలో విన్నవారికి ఆ వాదంలో పస కనిపించదు.

మద్రాసులో జెమినీ స్టూడియో సంగీత విభాగంలోనూ, ఆపైన మద్రాసు, ఢిల్లీ ఆకాశవాణి కేంద్రాలలోనూ ఆయన జీవితం గడిచింది. ఎవరెస్టు ఆరోహణను ఇతివృత్తంగా తీసుకుని ‘ఆదర్శ శిఖరారోహణం’ అనే రచన చేయడం, ఉత్తరాది విచిత్రవీణా విద్వాంసుడు గోపాలకృష్ణతో జుగల్‌బందీ వాయించడం ఆయన సాహసానికి గుర్తులు. 1974లో పద్మశ్రీ పొందిన ఈ విద్వాంసుడు 1987లో కన్నుమూశాడు. కాకినాడలో పుట్టిన శిష్యుడు చిట్టిబాబు (1936–1996) కోకిల కూతను వీణపై పలికించి లక్షలాది శ్రోతలను గెలుచుకున్నాడు. ఆ ప్రజాదరణను చూసి ముఖం చిట్లించిన శుద్ధ సంప్రదాయవాదులు, ఆ కూత వెనుక ఉన్నది గురువు నేర్పిన గమకమేనని గ్రహించలేకపోయారు.

ఇప్పుడు వీణ పేరిట వినిపిస్తున్నదేమిటి? కీబోర్డులో మీట నొక్కితే వచ్చే వీణ ధ్వనిని సినిమాలకూ సీరియళ్లకూ అతికించి, ప్రతి స్వరాన్నీ ఒకే తీరున జార్చి, దానినే గమకమని నమ్మిస్తున్నారు. యంత్రానికి తీగ బరువు తెలియదు, రాగాన్ని బట్టి ఒకే గాంధారం ఎంత ఊగాలో, ఎక్కడ నిలవాలో అసలే తెలియదు. సభలవారు వీణకు అరగంట కేటాయించి చేతులు దులుపుకుంటుంటే, ఆ అరగంటలో చప్పట్లు రాబట్టవలసిన యువ వైణికులు వేగాన్నే విద్యగా చూపుతున్నారు. ఇది వారి తప్పనడం అన్యాయం, ఆలాపన వినే ఓపికను పోగొట్టుకున్నది శ్రోతలే.

ఆకాశవాణి తన భాండాగారంలోని ఈమని వాదనను మృదంగ, ఘట విద్వాంసుల పేర్లతో సహా వరుసగా వెలువరించాలి. యానాం, కాకినాడ, ద్రాక్షారామ సభలు ఏడాదికి ఒక్కసారైనా రాగం, తానం, పల్లవితో నిండు వీణ కచేరీ ఏర్పాటు చేయాలి, ఆ రోజున పాఠకులు ముందు వరుసలో కూర్చుని చివరి వరకు వినాలి.