సీసియం-137తో నేలకోత కొలత: ఎంతవరకు నమ్మవచ్చు?

వానకు పొలంనుండి ఎంత మట్టి కొట్టుకొనిపోయినదో చెప్పటం తేలిక కాదు. పొలం దిగువను తొట్టి కట్టి, బురదనీటిని పట్టి, ఆరబెట్టి తూచవచ్చు. కాని అట్లా తెలిసేది తొట్టి ఉన్న కొద్ది ఏండ్ల సంగతి మాత్రమే. గడచిన 60 ఏండ్లలో జరిగినదాన్ని చెప్పాలంటే మట్టిలోనే ఒక సాక్షి ఉండవలెను. అట్టి సాక్షి ఆకాశంనుండి రాలినది. దాని పేరు సీసియం-137.

1950 తరువాత వాయుమండలంలో జరిగిన అణ్వస్త్ర పరీక్షలవల్ల ఈ రేడియోధార్మిక పదార్థం భూగోళమంతటా వ్యాపించి, వానతోబాటు నేలపై పడినది. 1963లో ఈ పాతం అత్యధికంగా ఉన్నది. ఆ సంవత్సరమే వాయుమండల పరీక్షలను నిషేధించే ఒడంబడిక మాస్కోలో కుదిరినది. పడిన సీసియం బంకమట్టి రేణువులను గట్టిగా అంటిపెట్టుకొంటుంది. మొక్కలు గ్రహించేది స్వల్పం. కనుక మట్టి కదిలితేనే అది కదులుతుందని భావించవచ్చు.

పద్ధతి సులభమైనదే. దున్నకుండా, కోతపడకుండా ఉన్న చదునైన నేలను ప్రమాణస్థలంగా తీసుకొంటారు. అక్కడి మట్టిలోని సీసియంను, పొలంలోని సీసియంను గామా కిరణాల ద్వారా కొలుస్తారు. పొలంలో తక్కువ ఉంటే మట్టి పోయినట్లు, ఎక్కువ ఉంటే వచ్చి చేరినట్లు లెక్క. ఒక్కసారి వెళ్ళి మట్టి తెచ్చుకొంటే చాలు, అనేక ఏండ్ల సగటు తెలుస్తుంది. కోత కొండవాలులో ఏ భాగాన పడినదో కూడ తెలుస్తుంది. తొట్టికి లేని సుగుణమిది.

ఇంత మంచి పద్ధతికి అభ్యంతరమేమిటి? 2011లో పార్సన్స్, ఫాస్టర్ అనే శాస్త్రజ్ఞులు 'ఎర్త్-సైన్స్ రివ్యూస్' పత్రికలో దీని పునాదులనే ప్రశ్నించారు. సీసియం ఒక ప్రాంతమంతటా సమంగా పడినదా? పడిన వెంటనే రేణువులకు శాశ్వతంగా అంటుకొన్నదా? ఆ తరువాత మట్టితో తప్ప మరొక విధంగా కదలలేదా? వీటికి తగిన రుజువులు లేవనీ, కనుక ఈ పద్ధతితో కోతరేటును చెప్పజాలమనీ వారి వాదం.

ఈ సందేహం ఎంత బరువైనదో ఒక ఊహాజనితమైన లెక్కతో చూడవచ్చు. ప్రమాణస్థలంలో చదరపు మీటరుకు 2,000 బెకరెల్‌లు, పొలంలో 1,600 ఉన్నాయనుకొందాం. నష్టం 20 శాతం. హెక్టారు నేలలో నాగలి తిరిగే 20 సెంటీమీటర్ల మట్టి, ఘనపు మీటరుకు 1.3 టన్నుల చొప్పున, 2,600 టన్నులు తూగుతుంది. అందులో 20 శాతాన్ని 60 ఏండ్లకు పంచితే ఏటా సుమారు 8.7 టన్నులు. ఇప్పుడు ప్రమాణస్థలపు అసలు విలువ 1,800 అయితే? కోత 4.8 టన్నులకు దిగుతుంది. 2,200 అయితే 11.8 టన్నులకు పెరుగుతుంది. ప్రమాణంలో పదిశాతం పొరపాటు ఫలితాన్ని దాదాపు సగానికి దించగలదు. అంతేగాక, సన్నని రేణువులలో సీసియం ఎక్కువ. వాన ముందుగా కొట్టుకొనిపోయేది వాటినే. అందువల్ల నష్టం ఉన్నదానికన్న ఎక్కువగా కనిపించవచ్చు. నాగలి కూడ మట్టిని వాలువైపు జరుపుతుంది. ఆ దోషాన్ని వాన నెత్తిన వేయరాదు.

2013లో మాబిట్, మొయిస్‌బుర్గర్, ఫులాయ్‌తార్, అలెవెల్ అదే పత్రికలో బదులిస్తూ ఈ పద్ధతి ప్రయోజనాన్ని సమర్థించారు. ప్రమాణస్థలాన్ని జాగ్రత్తగా ఎన్నుకొని, తగినన్ని నమూనాలు తీస్తే హెచ్చుతగ్గులను లెక్కలోకి తీసుకొనవచ్చును. ఇది సమంజసమే. అయితే ఆ మరుసటి సంవత్సరమే మాబిట్, మొయిస్‌బుర్గర్, అలెవెల్ మరి ఇద్దరితో కలిసి స్విస్ ఆల్ప్స్ పర్వతాల పచ్చికనేలలను పరీక్షించారు. 1986లో చెర్నోబిల్ ప్రమాదపు సీసియం అక్కడ ఎగుడుదిగుడుగా పడినది. అట్టి చోట సీసియంకన్న ప్లుటోనియం ఐసోటోపులు మేలని తేలినది. పద్ధతిని సమర్థించినవారే దాని హద్దును చూపటం విజ్ఞానానికి శోభ.

విమర్శకులు రేటు విషయంలో చేసిన హెచ్చరిక సరియైనది. దానినిబట్టి పద్ధతిని మొత్తంగా త్రోసివేయటం సరికాదు. ఏ వాలు ఎక్కువ కోతపడుతున్నదో, గట్టు వేసిన పొలానికి, వేయని పొలానికి తేడా ఎంతో పోల్చి చెప్పటంలో సీసియం నమ్మదగినది. "ఏటా 8.7 టన్నులు" అని దశాంశంతో చెప్పినప్పుడే అనుమానించవలెను. ఆ అంకెను నమ్మి ఒక ఊరిలో గట్లకు ధనం ఖర్చుపెడతారు, మరొక ఊరిని వదిలివేస్తారు. వదిలివేసిన ఊరి పైమట్టి తిరిగి రాదు.

ఈ సాక్షి ఆయుర్దాయం కూడ పరిమితమే. సీసియం-137 ప్రతి 30 ఏండ్లకు సగమవుతుంది. 1963లో పడినదానిలో నేడు నాలుగవ వంతు కూడ మిగలలేదు. ప్రమాణస్థలానికి, పొలానికి ఈ తరుగుదల ఒకటే గనుక పోలిక చెడదు. కాని కొలవటం నానాటికి కష్టమవుతున్నది. ఇకపై సీసియం లెక్క ఎదురైనప్పుడు విద్యార్థులు మూడు ప్రశ్నలు అడగవలెను: ప్రమాణస్థలం ఎక్కడ? అక్కడ ఎన్ని నమూనాలు తీశారు? ఫలితంలో అనిశ్చితి ఎంత? ఈ మూడింటికి జవాబు లేని అంకె ఎంత సూక్ష్మంగా ఉన్నా కొలత అనిపించుకొనదు.